లూకా పండుగకు ముందు ఈగల వేట

ఈగలు జివానా పీపాల్లోంచే వచ్చాయి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. కంచెకు అవతల, గాలి ఇటు వీచే వైపున, ఆమె కొట్టంలో నాలుగు పీపాల ప్లమ్ పళ్ళు రకియా సారా కోసం పులుస్తున్నాయి. కంచెకు ఇవతల వుకాషిన్ వంటింట్లో ఈగలున్నాయి. ఈ రెండింటినీ కలిపి చూడడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వుకాషిన్ చదివిన నాలుగు తరగతులు చాలు.

అతని కొట్టంలోనూ మూడు పీపాలు పులుస్తున్నాయి. అది వేరే సంగతి. అతని పీపాలకు మూతలున్నాయి.

జివానా పీపాలకూ మూతలున్నాయి. ఊరందరికీ ఆ మాట తెలుసు. వుకాషిన్‌కీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఒప్పుకోవాలని ఎక్కడా రాసి లేదు.

ఈగల వల్ల అతనికి జరిగిన నష్టం సెప్టెంబరులో మొదలైంది. భార్య దెసాంక పోయి ఆరు నెలలైంది. సమాధి దగ్గర ప్రార్థన ముగిశాక చాచక్ పట్నం నుంచి వచ్చిన తమ్ముడు మిలాదిన్, మరదలు లూబింక ఇంటికి భోజనానికి వచ్చారు. లూబింక సూప్‌లో ఈగ పడింది. ఆవగింజంత ఈగ. చూడనట్టు తాగేస్తే తెలిసేది కూడా కాదు. ఆమె దాన్ని చెంచా కొసతో పైకి తీసి, తెల్ల రుమాలు మీద పెట్టి, ఆ రుమాలును బల్ల మధ్యకు జరిపింది. అందరూ చూసేదాకా ఆగింది.

"దెసాంకక్క ఉంటే ఈ ఇల్లు ఇలా ఉండేదా?" అంది.

దెసాంక ఉండి ఉంటే లూబింకను భోజనానికి ఉండమనేది కాదు. ఆ జవాబు వుకాషిన్‌కు అప్పుడు తోచలేదు. వాళ్ళు వెళ్ళిన మూడు గంటలకు తోచింది. అతనికి మంచి మాటలన్నీ అప్పుడే తోస్తాయి.

మిలాదిన్ రొట్టె తుంచుతూ అన్నాడు: "అన్నా, ఈసారి లూకా పండుగ మా ఇంట్లో చేసుకుందాం. నువ్వొక్కడివీ ఏం చేస్తావు?"

ఆ మాటకు వుకాషిన్ చేతిలో చెంచా ఆగింది. అక్కడ ప్రతి ఇంటికీ ఒక పునీతుడుంటాడు. వీళ్ళ ఇంటికి పునీత లూకా. అక్టోబరు ఆఖరి రోజున ఆయన పండుగ. ఆ రోజు ఎవరూ ఎవరినీ పిలవరు. తలుపు తీసి పెడతారు. ఎంతమంది వస్తే ఆ ఇంటికి అంత విలువ. పునీతుడి పటం ఎవరి గోడకుంటే పండుగ వాళ్ళది. ముత్తాత తెచ్చిన పటం, పొగకు నల్లబడిన పటం, వుకాషిన్ వంటింట్లో తూర్పు గోడకుంది. అతనికి పిల్లల్లేరు. భార్య కొండ పక్కన మట్టిలో ఉంది. ఇక ఆ గోడ, ఆ పటం, ఏడాదికో రోజు తెరిచి పెట్టే ఆ తలుపు, అతనికి మిగిలింది అంతే.

"నేను చచ్చాక తీసుకుపో. ఇంకా చావలేదు," అన్నాడు.

"నువ్వు బతికే ఉన్నావు, సరే. ఇల్లు చూడు ఎలా ఉందో."

"ఈగలు జివానావి."

"ఎవరివైతేనేం? సూప్ మాది," అంది లూబింక.

చివరికి మిలాదిన్ ఒక ఒప్పందానికి వచ్చాడు. పండుగకు ముందురోజు సాయంత్రం ఇద్దరూ వస్తారు. పండుగ రొట్టె లూబింక పిసుకుతుంది. అప్పుడు ఇంట్లో ఒక్క ఈగ కనబడ్డా పటం వాళ్ళ కారెక్కుతుంది. వుకాషిన్ సరేనన్నాడు. సరేనన్నది కోపం. ఆ కోపం మర్నాటికి దిగిపోయింది. మాట మాత్రం దిగలేదు.

*

రకియా పోసి ఇచ్చే సన్న మెడ గాజు బుడ్లు ఇంట్లో పన్నెండున్నాయి. ముందు వాటిలో వెనిగర్ పోసి కిటికీ గట్టు మీద, పొయ్యి పక్కన, బల్ల కింద పెట్టాడు. ఈగ మెడలోంచి లోపలికి దూరుతుంది, తిరిగి రావడం దానికి చేతకాదు. ఆలోచన బాగుంది. తెల్లారేసరికి ఒక్కో బుడ్డిలో నాలుగైదు ఎర్రకళ్ళ ఈగలు తేలుతున్నాయి. కిటికీ అద్దం మీద మాత్రం సన్నటి నల్ల ఈగలు వందకు తక్కువ లేకుండా అటూ ఇటూ పరుగెడుతున్నాయి. వెనిగర్ వైపు చూడను కూడా లేదు.

జివానా ఈగలు కదా, రకియాకు అలవాటు పడి ఉంటాయి, వెనిగర్‌కు ఎందుకొస్తాయి అనుకున్నాడు. రెండో రోజు బుడ్లలో తన సొంత రకియా పోశాడు. ఎనిమిదేళ్ళు పీపాలో నిలవున్నది. నల్ల ఈగలు దానికీ రాలేదు. సాయంత్రం పారబోయడానికి మనసొప్పక, పన్నెండు బుడ్లూ వరసగా తనే తాగాడు. ఆ రోజు ఆ ఉచ్చులో పడింది ఒక్కడే.

మత్తు దిగాక పురుగుమందుల కొట్టుకు వెళ్ళాడు. కొట్టు ఓబ్రెన్‌ది. ఓబ్రెన్ పట్నంలో చదువుకుని వచ్చినవాడు, అందుకని వుకాషిన్‌కు అతనంటే పడదు.

"ఈగల మందు కావాలి."

"ఏ ఈగలు?" అన్నాడు ఓబ్రెన్.

"ఈగలు. రెక్కలుంటాయి."

"ఎర్రకళ్ళవా, నల్లవా? పండ్ల మీద వాలేవా, కుండీల దగ్గర ఎగిరేవా, తూములోంచి వచ్చేవా? ఒక్కోదానికి ఒక్కో ఉచ్చు, వుకాషిన్ బాబాయ్. ఒక్కదాన్ని అగ్గిపెట్టెలో పట్టుకురా, చూసి చెబుతాను."

"వాటితో నాకు పరిచయాలక్కర్లేదు. చావాలి, అంతే."

"ఎక్కడ పుడుతున్నాయో తెలియకుండా ఎలా చంపుతావు?"

"తెలుసు. జివానా కొట్టంలో."

ఓబ్రెన్ తల గోక్కున్నాడు. గూట్లోంచి పసుపుపచ్చ అట్టలు తీయబోయాడు. జిగురు పూసిన చిన్న అట్టలు, మట్టిలో గుచ్చేవి. వుకాషిన్ వాటిని చూసి, పిల్లల ఆటవస్తువులు తనకొద్దన్నాడు. ఇంటి కప్పు నుంచి వేలాడే జిగురు పట్టీలు పెద్దవిగా, మగవాడి పనిముట్టులా కనిపించాయి. అవి ఆరు తీసుకున్నాడు.

మొదటి రోజు జిగురు పట్టీకి ఒక చిమ్మట అంటుకుంది. రెండో రోజు అతని టోపీ అంటుకుంది. టోపీ లాగుతుంటే పక్క పట్టీ వచ్చి చెవి పైన జుట్టుకు చుట్టుకుంది. లాగాడు. రాలేదు. నూనె రాశాడు. జిగురు, నూనె, జుట్టు కలిసి ఒకే ముద్దయ్యాయి. అద్దం ముందు నిలబడి గొర్రె బొచ్చు కత్తెరతో కత్తిరించుకున్నాడు. అరవై ఏడేళ్ళ మనిషి, నాలుగు తరగతులు చదివినవాడు, ఈగల కోసం పెట్టిన ఉచ్చులో చెవిదాకా ఇరుక్కున్నాడు. చూసి నవ్వేవాళ్ళు ఇంట్లో లేరు. దెసాంక ఉంటే నవ్వేది, తర్వాత వెన్నతో జిగురు తీసేది. వెన్న సంగతి అతనికి తెలియదు. నలభై ఏళ్ళలో అడగలేదు.

ఆదివారం గుడి దగ్గర జివానా చూసింది.

"ఏం పొరుగాయనా, ఒక పక్కే క్షవరం? రెండో పక్కకి మనసు రాలేదా?"

"నీ ఈగల్ని వెనక్కి పిలుచుకో," అన్నాడు వుకాషిన్.

"పేర్లు చెప్పు, పిలుస్తా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఫాదర్ గ్వొజ్దెన్ కూడా గడ్డం చాటున నవ్వాడు. వుకాషిన్ అక్కడితో ఊరుకుంటే పోయేది. "మా ఇంట్లో ఇప్పుడు ఒక్క ఈగ లేదు. వచ్చి చూసుకోండి!" అని గుడి గుమ్మం మీద నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు.

"బుధవారం నీళ్ళు దీవించడానికి వస్తాగా, చూస్తాను," అన్నాడు ఫాదర్.

పండుగకు ముందు ఫాదర్ ఇంటింటికీ వస్తాడు. పటం కింద బల్ల మీద గిన్నెలో నీళ్ళు, పక్కన వెలిగించిన కొవ్వొత్తి ఉండాలి. ఆయన ప్రార్థన చదివి, శిలువ ముంచి, భూతులసి కట్టతో ఆ నీళ్ళు ఇల్లంతా చల్లుతాడు. మిగిలిన నీళ్ళతోనే పండుగ రొట్టె పిండి కలుపుతారు. బుధవారానికి ఇంకా మూడు రోజులుంది. వుకాషిన్‌కు ఆ మూడు రోజులూ కావాలి.

*

సోమవారం రేడియోలో ఒకావిడ చెప్పింది. గిన్నెలో నీళ్ళు పోసి, కాస్త వెనిగర్, చెంచాడు పంచదార, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపి, పొద్దుగూకేవేళ పక్కన కొవ్వొత్తి వెలిగించి పెడితే ఈగలు వెలుగుకు వచ్చి నీళ్ళలో పడతాయట. వుకాషిన్ విన్నది విన్నట్టు చేశాడు. వెనిగర్ కాస్త అన్న చోట బాగా పోశాడు. మూతి వెడల్పైన తెల్లటి గిన్నె ఒకటే దొరికింది. కొవ్వొత్తులు ఇంట్లో గుడి నుంచి తెచ్చిన మైనం కొవ్వొత్తులు తప్ప వేరేవి లేవు. ఈగలు ఎక్కువ తిరిగేది తూర్పు కిటికీ దగ్గర, అక్కడే బల్ల ఉంది, బల్ల పైన గోడకు లూకా పటం ఉంది. కనుక గిన్నె ఆ బల్ల మీద పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి, పీపాలు కలియబెట్టడానికి కొట్టంలోకి వెళ్ళాడు.

ఆ బల్ల చూసినవాళ్ళకు ఎలా కనబడుతుందో అతనికి తట్టలేదు. అరగంట పాటు తట్టలేదు.

తిరిగి వస్తుంటే వంటింట్లోంచి పాట వినిపించింది. గొంతు గరగరలాడుతోంది. గుమ్మంలో ఆగిపోయాడు. ఫాదర్ గ్వొజ్దెన్ మెడలో పట్టువస్త్రం వేసుకుని, పటం ముందు నిలబడి, గిన్నె మీద ప్రార్థన చదువుతున్నాడు. బుధవారం పక్క ఊళ్ళో ఎవరినో సమాధి చేయాలి, అందుకని సోమవారమే వచ్చాడు. తలుపు తీసి ఉంది. గిన్నె ఉంది. కొవ్వొత్తి వెలుగుతోంది. ఇంకేం కావాలి?

ప్రార్థన మధ్యలో ఎవరైనా మాట్లాడతారా? వుకాషిన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. శిలువ మూడుసార్లు మునిగింది. మూడుసార్లూ నురగ లేచింది. ఫాదర్‌కు జలుబు. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది, వాసన పట్టే స్థితిలో లేడు. భూతులసి కట్ట ముంచాడు. తూర్పు గోడకు చల్లాడు, పడమటి గోడకు చల్లాడు. పడక గదిలోకి వెళ్ళి చల్లాడు. వచ్చి వుకాషిన్ నుదుటి మీద చల్లాడు. ఒక చుక్క పెదవి మీదికి జారింది. పుల్లగా ఉంది, తీపిగానూ ఉంది.

"అన్నీ సిద్ధంగా పెట్టుకున్నావే!" అన్నాడు ఫాదర్, ముక్కు తుడుచుకుంటూ. "దెసాంక ఉన్న రోజుల్లో కూడా కొవ్వొత్తి నేనొచ్చాకే వెలిగించేవాళ్ళు."

"ఊఁ, ఫాదర్."

"నీళ్ళు నురగొస్తున్నాయేం?"

చెప్పడానికి అది సమయం. ఇంతకంటే మంచి సమయం రాదు. కానీ నిన్న గుడి గుమ్మం మీద అన్న మాట ఇంకా చల్లారలేదు.

"కొండ నీళ్ళు ఫాదర్."

ఫాదర్ గిన్నెలోకి వంగి చూశాడు. "ఇదుగో, నా తులసికట్ట పాతబడింది. గింజలన్నీ రాల్చేస్తోంది, చూశావా? ఏమనుకోకు."

నల్లగా తేలుతున్న ఆ గింజలకు రెక్కలున్నాయి. "ఫరవాలేదు ఫాదర్," అన్నాడు వుకాషిన్.

"ఒక్క చుక్క కూడా మనిషి కాలు పడే చోట పారబొయ్యకు. రొట్టెలో కలపండి."

ఫాదర్ వెళ్ళాక వుకాషిన్ బల్ల ముందు కూర్చుని గిన్నెను చూస్తూ ఉండిపోయాడు. ఆ ఊళ్ళో ఈగల ఉచ్చులు చాలామంది పెట్టి ఉంటారు. దీవించిన ఉచ్చు మాత్రం తనదొక్కటే. ఆ నీళ్ళను పెరుగు వడకట్టే గుడ్డలో రెండుసార్లు వడకట్టి, గాజు సీసాలో పోసి, మూత బిగించి, అలమరలో పెట్టాడు. రెండుసార్లు వడకడితే పాపం సగమవుతుందన్నట్టు.

మంగళవారం పొద్దున లేచి చూసేసరికి ఇల్లు నిండిపోయింది. పంచదార కలిపిన వెనిగర్ నాలుగు గోడలకూ, పడక దుప్పటికీ చల్లితే రాకుండా ఉంటాయా? ఎర్రకళ్ళ ఈగలు అన్ని పీపాల నుంచీ, బహుశా అతని పీపాల నుంచి కూడా, మూకుమ్మడిగా వచ్చాయి. లూకా పటం మీద, సరిగ్గా తల చుట్టూ వెలుగు ఉన్న చోట, మూడు కూర్చున్నాయి. తడిగుడ్డతో గోడలు తుడిచాడు. తుడిచాక గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గుడ్డలో ఉన్నది దీవించిన నీళ్ళు. ఉతికితే మురుగులోకి పోతాయి. గుడ్డను తీసుకెళ్ళి చూరు కింద మేకుకు వేలాడదీశాడు. ఈగలు కొన్ని దాని వెంట వెళ్ళాయి.

అప్పుడు వుకాషిన్ తిట్టడం మొదలుపెట్టాడు. ఈగల్ని, రేడియోలో ఆవిడని, లూబింకని, తనని. తనని తిట్టినప్పుడు గొంతు పెరిగింది.

కంచె దాటి జివానా వచ్చింది. గుమ్మంలో నిలబడి, చేతులు నడుముకు పెట్టి చూసింది.

"ఒక్క ఈగ కూడా లేదన్నావు. నిజమే, ఒక్కటి కాదు."

"పో ఇక్కణ్ణించి."

ఆమె పోలేదు. తూర్పు కిటికీ దగ్గరికి నడిచింది. గట్టు మీద దెసాంక పెంచిన జెరేనియం కుండీలు పదకొండున్నాయి. జివానా పొయ్యి దగ్గరున్న గరిటె తీసి ఒక కుండీ అంచు మీద కొట్టింది. మట్టిలోంచి నల్లటి పొగలా లేచాయి. సన్నటి నల్ల ఈగలు. రెండో కుండీ మీద కొట్టింది. మళ్ళీ లేచాయి.

"ఇవి ఇంకా ఇంట్లోనే ఉన్నాయా? వసంతంలో బయట పెట్టలేదా?"

ఆమె మట్టిలో వేలు పెట్టింది. వేలు కణుపు దాకా దిగింది.

"ఎన్నాళ్ళకోసారి పోస్తావు నీళ్ళు?"

"రోజూ. పొద్దున్నే."

"ఎవరు చెప్పారు రోజూ పొయ్యమని?"

అతను కిటికీలోంచి బయటకు చూశాడు. ఆసుపత్రిలో మూడో రోజు దెసాంక కళ్ళు తెరిచి, పూలకు నీళ్ళు పొయ్యి అంది. ఎన్నాళ్ళకోసారో చెప్పలేదు. అతను అడగలేదు. నాలుగో రోజు అడగడానికి ఆమె లేదు. అప్పటి నుంచి ఒక్క పొద్దు కూడా తప్పలేదు. జీవితంలో ఆమె చెప్పింది చెప్పినట్టు చేసిన పని అదొక్కటే.

"దెసాంక శనివారాలు పోసేది. అదీ మట్టి ఎండితేనే," అంది జివానా. ఇప్పుడు గొంతులో ఎగతాళి లేదు, అందుకు వుకాషిన్‌కు ఇంకా కోపం వచ్చింది. "ఈ నల్లవి బురదలో పుడతాయి. వెనిగర్ వీటికి అక్కర్లేదు. గోడల మీద ఉన్నాయే ఎర్రకళ్ళవి, అవి మాత్రం పీపాలవి. మొన్నటిదాకా ఇన్ని లేవు కదా? ఏం పెట్టి పిలిచావు?"

"గాలికి వచ్చాయి."

"కుండీలు బయట పెట్టు. మట్టి పగుళ్ళు వచ్చేదాకా చుక్క నీళ్ళు పొయ్యకు. ఓబ్రెన్ దగ్గర పసుపు అట్టలుంటాయి, నల్లవి వాటికే వస్తాయి. ఎర్రవాటికి నీ బుడ్లు చాలు. పైన కాగితం చుట్టి సూదితో బెజ్జాలు పొడువు."

క్షమించమని అతను అనలేదు. ఆమె అడగలేదు. గరిటె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఓబ్రెన్ కొట్టులో అతన్ని చూసి అడిగాడు: "ఎర్రకళ్ళవా, నల్లవా?"

"రెండూ."

"అయితే ఈసారి చూశావన్నమాట," అన్నాడు ఓబ్రెన్. వుకాషిన్ పసుపు అట్టలు సంచిలో వేసుకుని, ఆ మాట విననట్టు వచ్చేశాడు.

కుండీలు బయట పెట్టాడు. గోడలు సున్నపు నీళ్ళతో కడిగాడు. దుప్పట్లు ఎండేశాడు. బుడ్లకు కాగితాలు చుట్టాడు. కిటికీ గట్టు మీద నాలుగు పసుపు అట్టలు నిలబెట్టాడు. బుధవారానికి అట్టలు నల్లబడ్డాయి, గురువారానికి అక్కడక్కడ ఒకటి, శుక్రవారం మధ్యాహ్నానికి ఒక్కటీ లేదు. నిజానికి ఈ పనికి నాలుగు రోజులు చాలు. అతనికి నాలుగు వారాలు పట్టింది.

*

శుక్రవారం సాయంత్రం మిలాదిన్ కారు వచ్చింది. వెనక సీటు మీద మడత పెట్టిన పాత దుప్పటి ఉంది. పటం చుట్టడానికి. దాన్ని దాచే ప్రయత్నం ఎవరూ చేయలేదు.

లూబింక చెప్పులు విప్పగానే వంటిల్లంతా తిరిగింది. దీపం గాజు మీద వేలు రాసింది, పంచదార డబ్బా మూత తీసింది, తూము దగ్గర ముక్కు పెట్టింది. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది.

"ఇల్లు బానే ఉంది బావగారూ," అంది, పంటి నొప్పి ఉన్నట్టు.

మిలాదిన్ కుర్చీలో కూర్చుని రకియా పోసుకున్నాడు. వుకాషిన్ గెలిచాడు. గెలుపు ఎలా ఉంటుందో మరిచిపోయి చాలా కాలమైంది కనుక, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక నిలబడ్డాడు.

లూబింక నడుముకు గుడ్డ కట్టుకుంది. దెసాంక వాడిన చెక్క తొట్టిలో పిండి పోసింది, మధ్యలో గుంట చేసింది.

"దీవించిన నీళ్ళేవి?"

వుకాషిన్ అలమరలోంచి గాజు సీసా తీసి ఇచ్చాడు. తనే ఇచ్చాడు.

ప్రార్థన సరిగ్గానే జరిగింది కదా అనుకున్నాడు. వెనిగర్ తినేదే. పంచదార తినేదే. సబ్బు రెండే చుక్కలు. రొట్టె ఒక్కొక్కరూ ఒక ముక్క తింటారు, గోరంత. ఎవరికి తెలుస్తుంది? నోరు మూసుకుని నిలబడితే చాలు. పటం గోడ మీదే ఉంటుంది, తలుపు తెరిచే ఉంటుంది, తమ్ముడి దుప్పటి దారిన అది పోతుంది. నోరు మూసుకుని ఉండడంలో వుకాషిన్‌ను మించినవాడు ఆ కొండ చుట్టుపక్కల లేడు.

లూబింక మూత తిప్పింది. సీసా వంచింది.

ఆ తొట్టి ముందు దెసాంక ముప్పై తొమ్మిది సార్లు నిలబడింది. ఆ సాయంత్రం పిండి కలిపేటప్పుడు ఆమె అతన్ని తిట్టేది కూడా కాదు. రొట్టెకు తగులుతుందని. తిట్లన్నీ దాచిపెట్టి రొట్టె పొయ్యిలో పెట్టాక ఒకేసారి తిట్టేది.

"ఆగమ్మా," అన్నాడు వుకాషిన్.

"ఏంటి?"

"అది పొయ్యకు. అది ఈగల మందు."

చెప్పాడు. వెనిగర్, పంచదార, సబ్బు, కొవ్వొత్తి, ఫాదర్ జలుబు, తులసి గింజలు. ఏదీ దాచలేదు. లూబింక సీసాను చేతికి అందినంత దూరం పెట్టి కుర్చీలో కూలబడింది.

మిలాదిన్ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, నువ్వు ఫాదర్ చేత ఈగల మందు దీవింపజేశావా?"

"నేను చేయించలేదు. ఆయనే వచ్చి చేశాడు."

"నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పలేదు."

"పటం దించండి," అంది లూబింక. "ఇంకా ఏం చూస్తున్నారు? దుప్పటి తెస్తాను."

మిలాదిన్ అన్న ముఖం చూశాడు, తర్వాత పటం చూశాడు. "ముందు ఫాదర్ దగ్గరికి పద. అది తేలాక ఇది చూద్దాం."

సీసాను మోకాళ్ళ మధ్య పెట్టుకుని వుకాషిన్ కారులో కూర్చున్నాడు.

ఫాదర్ గ్వొజ్దెన్‌కు జలుబు తగ్గింది. సీసా మూత తీసి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు.

"కొండ నీళ్ళన్నావు."

"కాదు ఫాదర్."

"నా తులసి గింజలు?"

"ఈగలు ఫాదర్."

"నేను ఆ నీళ్ళు నీ పడక మీద చల్లాను."

"చల్లారు ఫాదర్. చాలా వచ్చాయి."

ఫాదర్ గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డాడు. ఆయన వీపు కదలడం వుకాషిన్ చూశాడు. కోపమో, ఇంకొకటో తెలియలేదు. తర్వాత ముగ్గురూ గుడి వెనక్కి వెళ్ళి, ఎవరి కాలూ పడని చోట, అక్రోటు చెట్టు మొదట్లో ఆ నీళ్ళు పోశారు. ఫాదర్ కొత్త నీళ్ళు దీవించి ఇచ్చాడు. ఇచ్చి, సీసా వదలకుండా పట్టుకున్నాడు.

"దేవుడికి తెలుసు, నాకు చెప్పావు. ఇక మిగిలింది ఊరు. గుడి గుమ్మం మీద నిలబడి గొప్పలు చెప్పావు కదా. రేపు రొట్టె కోశాక, ఎవరూ తినకముందు, అందరి ముందూ నీ నోటితో చెప్పు. ఒక్కసారి చాలు."

"చెప్పకపోతే?"

"నేను చెబుతాను. నేను చెబితే ఇంకా పొడుగ్గా ఉంటుంది."

కారులో మిలాదిన్ అన్నాడు: "అది విన్నాక ఆ ఇంట్లో ఎవరైనా ముద్ద ముడతారా అన్నా? లేచి వెళ్ళిపోతే నేను ఏమీ చెయ్యలేను. పటం తీసుకెళ్ళాల్సిందే."

"నాకు తెలుసు," అన్నాడు వుకాషిన్.

*

శనివారం తలుపు తీసి పెట్టాడు. ఇరవై కుర్చీలు వేశాడు. ముప్పై ఒక్కమంది వచ్చారు. కొంతమంది బెంచీలు మోసుకొచ్చారు. కొంతమంది గోడకానుకుని నిలబడ్డారు. జివానా పొయ్యి పక్కన నిలబడింది. ఫాదర్ రొట్టె మీద ద్రాక్షసారా పోసి, వుకాషిన్‌తో కలిసి రొట్టెను తిప్పి, నాలుగు ముక్కలుగా విరిచాడు. విరిచి, అతని వైపు చూసి, తల ఊపాడు.

వుకాషిన్ బల్ల కొసన నిలబడ్డాడు. తొమ్మిది మాటల్లో ముగించాలనుకున్నాడు. కాస్త ఎక్కువే పట్టింది. రకియా బుడ్లు తనే తాగిన సంగతి చెప్పాల్సిన పని లేదు, అదీ వచ్చేసింది. గొర్రె కత్తెర సంగతి కూడా. కుండీల సంగతి చెప్పేటప్పుడు రోజూ నీళ్ళు పోశానన్నాడు, ఎందుకో చెప్పలేదు. చివర, "ఈ రొట్టె వేరే నీళ్ళతో చేసింది. తింటే తినండి. లేకపోతే తలుపు తీసే ఉంది," అని ఆపాడు.

బల్ల మీద చేతులన్నీ వుకాషిన్‌కు కనబడుతున్నాయి. ఒక్క చెయ్యి కూడా రొట్టె వైపు రాలేదు. లూబింక లేచి, కారు తాళాల కోసం మిలాదిన్ కోటు జేబులో చెయ్యి పెట్టింది.

"నా ఈగలన్నావు!" అని అరిచింది జివానా పొయ్యి దగ్గర్నించి. "ఊరంతా చెప్పావు, నావని!"

"ఎర్రకళ్ళవి నీవే," అన్నాడు వుకాషిన్. "అవి నీవి కావంటే ఒప్పుకోను."

ముందు ఓబ్రెన్ నవ్వాడు. ఆ తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. ఫాదర్ గడ్డం పట్టుకుని, బల్ల మీదికి వంగి, కన్నీళ్ళు తుడుచుకున్నాడు. గోడకానుకున్న ముసలివాడొకడు నేల మీద కూర్చుండిపోయాడు. జివానా బల్ల దగ్గరికి వచ్చి రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

"ఉప్పు తక్కువైంది," అని లూబింక వైపు చూసి అంది.

ఆ తర్వాత అన్ని చేతులూ వచ్చాయి. రొట్టె తునక కూడా మిగల్లేదు. మార్చి నుంచి ఆ ఇంట్లో అంత చప్పుడు లేదు. వుకాషిన్ నవ్వలేదు. అతనికి నవ్వు రాలేదు, వచ్చినా బయటికి రానిచ్చేవాడు కాదు. అందరికీ పోశాడు, అందరికీ వడ్డించాడు, ఎవరు ఎక్కువ నవ్వారో గుర్తు పెట్టుకున్నాడు.

చీకటి పడ్డాక లూబింక మెల్లగా అడిగింది: "దుప్పటి తేనా?"

మిలాదిన్ ఇంకా కూర్చునే ఉన్న జనాన్ని చూశాడు. పట్నంలో మూడో అంతస్తులోని ఆ రెండు గదుల ఇంటికి వీళ్ళలో ఒక్కరూ రారని అతనికి తెలుసు. "కారులోనే ఉండనీ. మోకాళ్ళ మీద కప్పుకో. దారిలో చలిగా ఉంటుంది," అన్నాడు.

పండుగ కొవ్వొత్తిని ఆనవాయితీ ప్రకారం వుకాషిన్ తనే ద్రాక్షసారాతో ఆర్పాడు. పటం గోడ మీద ఉంది.

సోమవారం మేకులు కొనడానికి ఓబ్రెన్ కొట్టుకు వెళ్ళాడు. అక్కడ ముగ్గురు కూర్చుని ఉన్నారు. అతన్ని చూడగానే ముగ్గురి ముఖాలూ విప్పారాయి.

"రా బాబాయ్, కూర్చో," అన్నాడు ఓబ్రెన్, స్టూలు జరుపుతూ. "మా బావమరిది నిన్ననే వచ్చాడు, పాపం పండుగకు అందలేదు. ఆ తులసి గింజల ముక్క ఒక్కటి చెప్పు. నీ నోటితో వింటేనే బాగుంటుంది."

వుకాషిన్ కూర్చోలేదు.

"ఫాదర్ ఒక్కసారన్నాడు. ఒక్కసారి చెప్పాను. ఇక నేను చచ్చేదాకా ఆ సంగతి నా నోట రాదు. మేకులియ్యి."